స్వలింగ ప్రేమను ఏ మతమూ ఒప్పుకోదా? మా ఊళ్లో, మా ఇంట్లో నేను చూసింది

తమ్ముడు తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని చెప్పాడని, అప్పటి నుంచి అమ్మ "ఇది ఏ మతంలో ఉంది?" అని ఏడుస్తోందని రాశారు. నిజంగానే ఏ మతమూ ఒప్పుకోదా అని మీ ప్రశ్న. మాది దేవరకొండ దగ్గర పల్లె, ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో. నేనూ మీ తమ్ముడి లాంటివాణ్నే. మా ఇంట్లో ఎల్లమ్మ, మేనమామ ఇంట్లో యేసు ప్రభువు, పక్కింట్లో ఐదు పూటలా నమాజు. అందుకని ఈ ప్రశ్నకు జవాబులు నాకు మూడు వైపుల నుంచీ వచ్చాయి.

సూటిగా చెప్పాలంటే, చాలా మతాలు మనిషిని పూర్తిగా కాదనవు. ఒంటరిగా ఉంటానంటే ఏదో ఒక మూల చోటిస్తాయి. ఇద్దరం కలిసి కాపురం ఉంటామంటేనే పేచీ.

మా ఊరి ఎల్లమ్మ పండగకు ఒక శివసత్తు వచ్చేది. మగపిల్లాడిగా పుట్టింది, చిన్నప్పుడే అమ్మవారు పూనిందని చీర కట్టించారు. బైండ్లోళ్లు జమిడిక మీద కథ ఎత్తుకోగానే లేచేది. నుదుటి నిండా బండారి, రెండు చేతుల్లో వేపమండలు. పెద్ద పెద్ద ఆసాములు కూడా వంగి కాళ్లు మొక్కేవాళ్లు. మా నాయనమ్మ ఆమెకు ఒడిబియ్యం పోసి, తన మోకాళ్ల నొప్పుల సంగతి కూడా చెప్పుకునేది. తర్వాత ఆమె ఒక ఆటో డ్రైవర్‌తో కలిసి ఉంటోందని ఊళ్లో తెలిసింది. ఆ ఏడు పండగకు ఆమెకు కబురు పోలేదు. "అమ్మవారికిచ్చిన మనిషికి మొగుడేంది?" అన్నది మా నాయనమ్మే. చీర కట్టినందుకు రాని అభ్యంతరం తోడు వెతుక్కున్నందుకు వచ్చింది.

ఇక గ్రంథాలు. వాట్సాప్‌లో ఒకరు "మన దగ్గర అనాదిగా ఉంది" అంటారు, ఇంకొకరు "ఇదంతా విదేశీ రోగం" అంటారు. రెండూ సగం మాటలే. శిఖండి, బృహన్నల, మోహిని కథలు ఉన్నమాట నిజం. కానీ ఆ కథల్లో రూపాలు మారతాయే గానీ, ఇద్దరు మగవాళ్లు ఇల్లు పెట్టుకోవడం లేదు. మనుస్మృతి 11వ అధ్యాయం మగవాడితో కలయికను ఒకచోట జాతిభ్రష్టత కింద లెక్కగడుతుంది, ఇంకోచోట కట్టుబట్టలతో స్నానం చేస్తే చాలంటుంది. ఎడ్లబండిలోనో, నీళ్లలోనో, పట్టపగలో ఆడదానితో కలిసినవాడికీ అదే శ్లోకంలో అదే స్నానం! పెళ్లికాని పిల్లను చెరిపిన ఆడదాని విషయంలో మాత్రం 8వ అధ్యాయం తల గొరిగించడం, వేళ్లు నరకడం, గాడిద మీద ఊరేగించడం దాకా పోయింది. ఆడవాళ్ల మీదికి వచ్చేసరికి శిక్ష ఎందుకు అంత పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

మా మామ వాళ్ల చర్చిలో సంఘ పెద్ద. నా సంగతి తెలిసిన రోజు లేవీయకాండము 18వ అధ్యాయం, రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం తీసి చదివాడు. పాపం వల్ల దేవుడు నాశనం చేశాడని బైబిల్ చెప్పే సొదొమ పట్టణం సంగతి ఎత్తాడు. నేను యెహెజ్కేలు 16:49 చూపించాను. సొదొమ పాపం గర్వమనీ, తిండి పుష్కలంగా ఉండి కూడా బీదలను ఆదుకోకపోవడమనీ అందులో ఉంది. మామ ఊరుకుంటాడా? "దాని కింద 50వ వచనం కూడా చదువు, హేయమైన పనులు చేశారని ఉంది" అన్నాడు. బైబిల్ మీద ఆయనతో గెలవడం నా వల్ల కాదు. చివరికి ఆయన ఇచ్చిన సలహా, "పెళ్లి మానుకో, సేవలో ఉండిపో. ఈ పత్రిక రాసిన పౌలుకు మాత్రం పెళ్లయిందా?" అదిగో, మళ్లీ ఒంటరితనమే. కేథలిక్కుల బోధా ఇంచుమించు ఇదే: ఇలాంటివాళ్లను గౌరవంగా చూడాలి, అన్యాయంగా వివక్ష చూపకూడదు, కానీ వాళ్లు బ్రహ్మచర్యంలో ఉండాలి. 2023 డిసెంబరులో వాటికన్ ఇలాంటి జంటలను కూడా ఫాదర్లు ఆశీర్వదించవచ్చంది. అది పెళ్లి మాత్రం కాదని గట్టిగా చెప్పింది. అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి 2003లోనే బహిరంగంగా గే అయిన ఒకాయనను బిషప్‌ను చేసింది. అదీ క్రైస్తవమే, మా మామదీ క్రైస్తవమే.

పక్కింటి పెద్దాయన హాఫిజ్, అంటే ఖురాన్ మొత్తం కంఠతా వచ్చినవాడు. ఖురాన్‌లో లూత్ ప్రవక్త జాతి కథ (సొదొమ కథ లాంటిదే) చెప్పి, "దిల్‌లో వచ్చినదానికి గునా (పాపం) రాయరు బేటా, చేసినదానికే రాస్తారు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. ఇరాన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఇద్దరు మగవాళ్లు కలిస్తే మరణశిక్ష దాకా ఉంది, అక్కడి మతనాయకుడు ఖొమేనీ ఇచ్చిన ఫత్వా పుణ్యాన లింగమార్పిడి ఆపరేషన్‌కు మాత్రం అనుమతి ఉంది.

సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ 2005లో స్వలింగ వివాహం వద్దంది. బౌద్ధ పంచశీలలో దీని ఊసు లేదు. బౌద్ధులు ఎక్కువగా ఉన్న థాయిలాండ్‌లో 2025 జనవరి నుంచి ఇలాంటి పెళ్లిళ్లు రిజిస్టర్ చేస్తున్నారు. నన్ను ఆశ్చర్యపరిచింది జైనం. ఒంటి తీరు వేరు, లోపలి కోరిక వేరు కావచ్చని వాళ్లు ఏనాడో రాసుకున్నారు. కొలనుపాక జైన గుడికి ఎన్నిసార్లు పోయినా ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

మతాల వాళ్లు ఒక్కటైన సందర్భం కూడా ఉంది. 2009లో ఢిల్లీ హైకోర్టు, స్వలింగ సంపర్కాన్ని నేరమన్న సెక్షన్ 377 కోరలు పీకితే, దాని మీద సుప్రీంకోర్టుకు పోయినవాళ్లలో ఒక జ్యోతిష్యుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, చర్చి సంఘాలు అందరూ ఉన్నారు. 2013లో గెలిచారు కూడా. 2018 సెప్టెంబరు 6న అది తిరగబడింది, ఇప్పుడు మీ తమ్ముడు నేరస్థుడు కాదు. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇవ్వలేదు. ఇక మన దగ్గర హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించి, ఆడవేషంలో బజారులో కనబడితే వారెంటు లేకుండా పట్టుకెళ్లే నిజాం కాలపు 1919 నాటి చట్టం ఉండేది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! గుళ్లో కాళ్లు మొక్కించుకున్న మనిషిని అన్నేళ్లూ బజారులో పట్టుకెళ్లే వీలుందన్నమాట.

మీ అమ్మగారితో శ్లోకాలు, వచనాలు పెట్టి వాదించకండి. మా అమ్మ ఏ గ్రంథమూ చదవలేదు. ఆమె టెన్షన్ అంతా "ముసలితనంలో నీకెవరు అన్నం పెడతారు?" అని. అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు, నేను డ్యూటీలో ఉన్న పూటలన్నీ నాతో ఉండే అతనే దగ్గర కూర్చుని చుక్కలు వేశాడు. అమ్మ ఒప్పుకుందని చెప్పను. ఇప్పటికీ "మీ దోస్తు" అనే అంటుంది. కానీ ఫోన్ చేస్తే అతను తిన్నాడా అని అడుగుతుంది.

చుట్టాలు తాయెత్తు, నూనె ప్రార్థన, "మార్చే" డాక్టర్ అని రకరకాలు చెబుతారు. ఇలా మారుస్తామనే డాక్టర్లది వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది, కాబట్టి ఆ ఖర్చు పెట్టకండి. అన్నిటికంటే ముందు, పెళ్లయితే అదే సర్దుకుంటుందని సంబంధాలు చూస్తున్నట్లయితే ఈ వారమే ఆపించండి. అవతలి ఇంటి అమ్మాయి గొంతు కోయడం ఏ మతంలో ఉందో మీ అమ్మగారినే అడగండి.