పోస్టర్ మీద నంబరు, తెర మీద బూతు

ప్రశ్న: ఈమధ్య సినిమా పోస్టర్ల మీద ‘యూఏ 13+’, ‘యూఏ 16+’ అని వేస్తున్నారు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. 16+ సినిమాకి తీసుకెళ్తే గేటు దగ్గర ఆపేస్తారా?
— పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆపకూడదండీ. పన్నెండేళ్లలోపు పిల్లల విషయంలో పెద్దలు ఆలోచించుకోవాలని చెప్పే పాత యూఏనే 2023 చట్ట సవరణలో 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. నిబంధనలు 2024లో వచ్చాయి. ఆ అంకె అమ్మానాన్నలకు సూచన మాత్రమే, అమలు చేసే అధికారం మరెవరికీ లేదని చట్టంలోనే రాసి ఉంది. పెద్దలకు మాత్రమే అని ఇచ్చే ‘ఏ’ సర్టిఫికెట్ సంగతి వేరు. పద్దెనిమిది నిండనివారిని తల్లిదండ్రులు వెంట ఉన్నా లోపలికి పంపకూడదు. పంపిన థియేటర్‌వాళ్ల మీద చట్టప్రకారం చర్య తీసుకోవచ్చు.

ప్రశ్న: ఒకే బూతు ఒక సినిమాలో మ్యూట్ అవుతుంది, ఇంకో సినిమాలో హాయిగా వినిపిస్తుంది. సెన్సార్‌వాళ్ల దగ్గర నిషేధించిన మాటల పట్టిక ఏమైనా ఉందా?
— పాఠకుడు, తెనాలి

జవాబు: చట్టంలో అలాంటి పట్టిక లేదు. 2015లో సెన్సార్ బోర్డు నుంచి ఒకటి బయటికి వచ్చింది కానీ, సభ్యులే అభ్యంతరం చెప్పడంతో పక్కన పెట్టారు. ఇప్పటికీ ఆధారం 1991 నాటి మార్గదర్శకాలే. అసభ్యత, ద్వంద్వార్థాల డైలాగులు, ఆడవాళ్లను కించపరిచే మాటలు, ఏదైనా వర్గాన్ని తక్కువ చేసే మాటలు ఉండకూడదంటాయి. సినిమాను మొత్తంగా చూసి తూచమని కూడా అవే చెబుతాయి. కోపంలో నోరు జారిన తిట్టుకీ, కులం పేరు పెట్టి తిట్టినదానికీ తేడా అక్కడే వస్తుంది. ఎన్నిసార్లు అన్నారన్న లెక్క కంటే ఎవరిని, ఎందుకు అన్నారన్నదే ముఖ్యం. చూసే కమిటీని బట్టి తీర్పు కొంత మారుతుందన్నదీ నిజమే.

అసలు బేరం సర్టిఫికెట్ దగ్గర జరుగుతుంది. ‘ఉన్నదున్నట్టు అయితే ఏ ఇస్తాం, ఈ మాటలు తీస్తే యూఏ ఇస్తాం’ అంటుంది కమిటీ. ‘ఏ’ సినిమాను అలాగే టీవీలో వేయడానికి లేదు. కత్తిరించి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పైగా కుటుంబ ప్రేక్షకులు పోతారు. అందుకని చాలామంది నిర్మాతలు మాట వదులుకుని యూఏ పుచ్చుకుంటారు. అలా పోయిన మాటను సెన్సార్ కోసేసిందనడం సగం నిజమే.

మ్యూట్ చేయడంలోనూ పనితనం ఉంది. డైలాగ్ ట్రాక్‌లో ఆ మాట ఒక్కటే తీస్తే వెనక సంగీతం అలాగే నడుస్తుంది. తొందరపడి, మాటలూ సంగీతమూ కలిపేసిన ఫైనల్ మిక్స్‌లోనే కోస్తే సంగీతం కూడా పోయి, హాలంతా గతుక్కుమంటుంది. పెదాలకు సరిపడే వేరే మాట డబ్బింగ్ చెప్పించడం మేలైన దారి. సబ్‌టైటిల్‌లో ఆ మాట మిగిలిపోయిందేమో చూసుకోవాలి. డబ్బింగ్ వెర్షన్‌కు సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి కాబట్టి తెలుగులో పోయిన తిట్టు హిందీలో బతకొచ్చు.

ప్రశ్న: థియేటర్లో మ్యూట్ చేసిన మాటలు ఓటీటీలో వినిపించాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఏం చేయాలి?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఓటీటీకి సెన్సార్ బోర్డుతో పని లేదు. 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల ప్రకారం సంస్థలే వయసు గుర్తు వేసుకుంటాయి. 13+, ఆపైవాటికి తాళం వేసుకునే సదుపాయం తప్పకుండా ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో పిల్లలకు విడిగా ప్రొఫైల్ తెరిచి వయసు పరిమితి పెట్టండి. మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టడం మరవకండి. చాలా ఇళ్లలో ఇదే వదిలేస్తారు, పిల్లలు నేరుగా నాన్న ప్రొఫైల్‌లోకి వెళ్తారు. గుర్తు తప్పుగా వేశారనిపిస్తే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. పదిహేను రోజుల్లో తేల్చాలి.

ప్రశ్న: మా అన్నయ్య లండన్‌లో, అక్క డాలస్‌లో ఉంటారు. అక్కడ తెలుగు సినిమాకి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?
— పాఠకుడు, నెల్లూరు

జవాబు: బ్రిటన్‌లో ‘12ఏ’ అయితే పన్నెండేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో రావచ్చు. ‘15’ అయితే పద్నాలుగేళ్లవాణ్ణి తల్లి తీసుకొచ్చినా వెనక్కి పంపుతారు. అమెరికాలో ‘ఆర్’ సినిమాకి పదిహేడు నిండనివారు తల్లిదండ్రులతో గానీ, బాధ్యత గల పెద్దవారితో గానీ వెళ్లొచ్చు. మాటల లెక్క ఉన్నది అక్కడే. లైంగిక పదాల్లోంచి పుట్టిన ఘాటైన తిట్టు ఒక్కసారి వస్తే కనీసం ‘పీజీ-13’ (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులకు హెచ్చరిక), అంతకు మించితే మామూలుగా ‘ఆర్’. అయితే అక్కడ రేటింగ్ స్వచ్ఛందం. రేటింగ్ లేకుండా విడుదలైన సినిమా అయితే, టికెట్ కొనే ముందే మీ అక్కను థియేటర్‌లో అడిగి తెలుసుకోమనండి.