టిచ్ బటన్ ఊడిందా, గుడ్డ కుంచించుకుందా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము రెండు కుటుంబాల వాళ్లం కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించుకున్నాము. సెలవులు వస్తే రామప్ప, లక్నవరం, బొగత వైపు వెళ్తుంటాము. గడిచిన జాతరకు మేడారంలో అందులోనే బస చేశాము. బండి పక్కన వేసే చలువ పందిరికి, దాని చుట్టూ దించే కాన్వాసు తెరలకు టిచ్ బటన్లు ఉన్నాయి. జాతర నుంచి వచ్చిన తరువాత కొన్ని బటన్లు పట్టడం లేదు, కొన్ని పట్టుకుంటే ఊడి రావడం లేదు. రెండు మూడు చోట్ల బటన్‌తో పాటు గుడ్డ కూడా చిరిగి, రంధ్రం పైవైపు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. బటన్లన్నీ తీసేసి కొత్తవి వేయించమని కుట్టుపని చేసే ఆయన చెబుతున్నారు. అది అవసరమేనా అండీ?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అన్నీ మార్చవలసిన అవసరం ఉన్నట్టు నాకు తోచడం లేదు. మీరు ఒకే ఫిర్యాదుగా రాసిన దానిలో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి మాత్రమే నిజంగా బటన్‌కు సంబంధించినది. రంధ్రం పైవైపు సాగిందని రాయడం మీరు చేసిన మంచి పని, ఎందుకంటే అసలు కారణం ఆ ఒక్క మాటలోనే ఉంది.

బండికి వాడే టిచ్ బటన్‌లో నాలుగు భాగాలు ఉంటాయి. తెర బయటివైపు కనిపించేది టోపీ. దాని కింద సన్నని గొట్టం ఉండి, అది గుడ్డలోంచి లోపలివైపుకు వచ్చి, అక్కడి గిన్నెలో విచ్చుకుని బిగుసుకుంటుంది. ఎదుటి వైపున గిన్నెలో దిగే బొడిపె, దాన్ని పట్టి ఉంచే రివిట్ ఉంటాయి. బొడిపె బండి ఒంటికే ఉండే చోట రివిట్‌కు బదులు స్క్రూ ఉంటుంది. పట్టు అంతా గిన్నెలోనే ఉంది. కొన్నింటిలో సన్నని తీగ స్ప్రింగు ఉంటుంది, మరికొన్నింటిలో గిన్నె అంచే చీలి స్ప్రింగులా పనిచేస్తుంది. 1885లో జర్మనీలో హెరిబెర్ట్ బావర్ అనే ఆయన పేటెంటు తీసుకున్న నాటి నుంచి ఈ బటన్ సారాంశం మారలేదు. బొడిపె దిగేటప్పుడు స్ప్రింగు విచ్చుకోవాలి, దిగిన తరువాత దాని మెడను పట్టుకోవాలి, అంతే.

కనుక మొదట చేయవలసింది పరీక్ష. ఒక కొత్త బొడిపెను చేతిలోకి తీసుకుని, అనుమానం ఉన్న ప్రతి గిన్నెలోనూ నొక్కి చూడండి. కొత్త బొడిపె కూడా జారిపోతే ఆ గిన్నె స్ప్రింగు అయిపోయినట్టే, దాన్ని మార్చాలి. కొత్తది చక్కగా టిక్కున పట్టి, బండి మీదిది మాత్రం పట్టకపోతే, బండి మీది బొడిపె అరిగిందో ఒక పక్కకు నలిగిందో అయి ఉంటుంది. రెండూ పట్టుతూ, తెర వేసినప్పుడు మాత్రమే ఊడుతుంటే తప్పు బటన్‌ది కాదు, గుడ్డది.

పట్టుకుని ఊడి రాని బటన్ల సంగతి తేలికది. మేడారంలో అమ్మవార్లకు బంగారమని సమర్పించే బెల్లం అందరి చేతులకూ అంటుకుంటుంది, పైగా ఆ జన సందోహంలో లేచే ఎర్ర దుమ్ము. ఆ జిగురు చేతులతో తెరలు వేస్తే బెల్లం గిన్నెలోకి చేరి, దానికి దుమ్ము పట్టి, ఎండకు రాయిలా గట్టిపడుతుంది. స్ప్రింగుకు విచ్చుకునే చోటే ఉండదు. అలాంటి వాటిని పట్టకారుతో లాగవద్దు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను కాసేపు బటన్‌పై కప్పి ఉంచి, బెల్లం కరిగిన తరువాత పాత పళ్ల బ్రష్షుతో గిన్నె లోపలి అంచును తిప్పుతూ తోమండి. బోరు నీళ్లతో కడిగే అలవాటు ఉంటే తెల్లని సున్నపు పొర కూడా ఉండవచ్చు. దానికి కొద్దిగా వెనిగర్ రాసి, కొన్ని నిమిషాలు ఆగి, మంచినీళ్లతో పూర్తిగా కడిగి ఆరబెట్టాలి.

ఇక రంధ్రాలు సాగిన చోటు. నూలు కాన్వాసు తడిసి ఆరిన ప్రతిసారీ కొంత కుంచించుకుంటుంది. వినైల్, రెగ్జిన్ వంటివైతే ఏళ్ల తరబడి ఎండలో ఉండి తమలోని మెత్తదనాన్ని పోగొట్టుకుని బిగుస్తాయి, చలికాలం ఉదయం పూట మరీ బిర్రుగా ఉంటాయి. బండి మీది బొడిపెలు మాత్రం మొదటి రోజున ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉంటాయి. తెర వేయాలంటే ఇద్దరు పట్టి లాగవలసి వస్తోందంటే ఆ లాగుడంతా ఒక్కొక్క బటన్ చుట్టూ ఉన్న గోరంత గుడ్డ మీద పడుతోందన్న మాట. కొత్త బటన్ వేస్తే అది కొద్ది నెలలు బాగానే పట్టి, ఆ తరువాత అదే చోట అదే విధంగా చిరుగుతుంది. బలమైన బటన్ వేస్తే ఇంకా తొందరగా చిరుగుతుంది, ఎందుకంటే బటన్ ఊడదు కనుక గుడ్డే తెగుతుంది. అందుకే మీ కుట్టుపని ఆయన సలహాను ఇప్పుడే ఒప్పుకోవద్దని అంటున్నాను.

మధ్యాహ్నం ఎండలో తెర వేసి చూడండి. వేడికి మెత్తబడిన వినైల్ అప్పుడు హాయిగా అందితే, ఉదయం పూట బలవంతం చేయకుండా ఎండ తగిలే దాకా ఆగితే చాలు. మధ్యాహ్నం కూడా ఒక వేలెడు దూరం తక్కువైతే బండికి కొత్త రంధ్రాలు వేయకండి. ఒక కొస గిన్నె, మరో కొస బొడిపె ఉన్న చిన్న పట్టీలు కుట్టించి, బిగుతుగా ఉన్న చోట మధ్యలో తగిలించండి. అంతకన్నా ఎక్కువ దూరం చాలకపోతే తెర అంచుకు కొత్త పట్టీ కలిపి కుట్టించడమే మేలు.

చిరిగిన చోట పాత రంధ్రంలోనే కొత్త బటన్ కూర్చోదు. హుడ్లు, సీటు కవర్లు కుట్టే వారి దగ్గర రెండు వైపులా రెగ్జిన్ గానీ మందపాటి నవారు పట్టీ గానీ వేయించి, నాలుగు అంచుల వెంట కుట్టించండి. అతుకు పెద్దదిగా ఉంటేనే లాగుడు కుట్టు గీతల మీదికి పంచుకుపోతుంది. దారం పాలియెస్టర్‌ది కావాలి, నూలు దారం మన ఎండావానలకు త్వరగా కుళ్లుతుంది.

పాత బటన్ తీయడంలో ఓపిక కావాలి. గిన్నెను పట్టకారుతో గట్టిగా పట్టుకుని, మధ్యలో విచ్చుకున్న గొట్టం అంచును డ్రిల్లుతో తొలిచేస్తే టోపీ తనంత తానే విడిపోతుంది. గిన్నెను పట్టుకోకపోతే అది బిట్టుతో పాటు తిరిగి, వేడెక్కి, గుడ్డను కాల్చేస్తుంది. కొత్తది వేసేటప్పుడు రంధ్రాన్ని గొట్టం కన్నా రవ్వంత చిన్నదిగా పంచ్‌తో కొట్టాలి, కత్తెరతో కోస్తే ఆ కోత దగ్గరే మళ్లీ చిరుగు మొదలవుతుంది. గుడ్డ దాటి గొట్టం సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి. ఎక్కువైతే పక్కకు మడుచుకుంటుంది, తక్కువైతే విచ్చుకోదు. టోపీ కింద దాని వంపుకు సరిపోయే గుంట ఉన్న అచ్చు పెట్టి, ఇనుప దిమ్మె మీదనో బండరాయి మీదనో ఉంచి, ఒక మోస్తరు దెబ్బలు రెండు మూడు వేయండి. చెక్క మీద పెట్టి కొడితే దెబ్బ ఎగిరిపోతుంది. ఆ తరువాత గిన్నెను వేళ్లతో తిప్పి చూడండి. తిరిగితే ఇంకా బిగియలేదు.

ఇంకొక మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి. తెర కొస పట్టుకుని వరుసగా బరబరా లాగకూడదు. ప్రతి బటన్ దగ్గరా వేలిని గుడ్డ కిందికి, బటన్‌ను ఆనుకునేలా పోనిచ్చి పైకి ఎత్తాలి.

ప్రశ్న: మా బండి తలుపు పక్కన బొడిపెల స్క్రూలు ఎంత తిప్పినా బిగియడం లేదు, ఊరికే తిరుగుతున్నాయి. చుట్టూ తెల్లని పొడి రాలుతోంది, ఒకచోట తుప్పు నీరు కారింది. పెద్ద స్క్రూ వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: వేయించవచ్చునమ్మా, కానీ ముందుగా ఆ ఒళ్లు దేనితో చేసిందో చూడాలి. తెల్లని పొడి రాలుతున్న చోట అల్యూమినియం రేకు ఉండి ఉంటుంది. స్టీలు స్క్రూ, అల్యూమినియం రేకు తగులుకున్న చోట తేమ చేరితే అల్యూమినియమే తినేయబడుతుంది, రంధ్రం పెద్దదై స్క్రూ వదులవుతుంది. స్క్రూ తీసి, పొడిని పూర్తిగా గోకి, ఒక సైజు పెద్ద స్క్రూ ఉన్న బొడిపెను, రెండు లోహాల మధ్య బ్యుటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) ముక్క గానీ సీలెంట్ గానీ పెట్టి బిగించండి. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వద్దు, దానిలోంచి వెలువడే ఆమ్లం లోహాన్ని తింటుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి.

తుప్పు నీరు కారిన చోటు ఇనుప రేకు. అక్కడ తుప్పును మెరుపు వచ్చే దాకా రుద్ది, ప్రైమర్ పూసి, ఆరిన తరువాతే బిగించాలి. పలుచని రేకులో మామూలు స్క్రూ ఎన్నాళ్లూ నిలవదు కనుక రివెట్ నట్ (రేకు రంధ్రంలో బిగుసుకుని ఉండే, లోపల మర ఉన్న గొట్టం) వేయించి, దానికి సరిపోయే మర ఉన్న బొడిపె పెట్టించడం శాశ్వతమైన పని. ఒకవేళ ఫైబర్ ఒళ్లైతే పాత రంధ్రాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత మళ్లీ డ్రిల్లు వేయాలి. రంధ్రం అంచును కొద్దిగా ఏటవాలుగా చెక్కితే పైపూత పగలదు.

డ్రిల్లు పట్టే ముందు ఆ గోడ వెనక ఏమున్నదో తప్పక చూడండి. తలుపు పక్కనే లైట్ల తీగలు, నీళ్ల పైపులు పోతుంటాయి. బిట్టుకు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టి పెట్టుకుంటే అంతకు మించి దిగకుండా జాగ్రత్త పడవచ్చు.

ప్రశ్న: మా ఊళ్లో బొగ్గు దుమ్ము ఎక్కువ. బటన్లు గరగరలాడుతున్నాయి. కొబ్బరి నూనె గానీ ఇంజన్ ఆయిల్ గానీ వేయవచ్చా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: రెండూ వేయవద్దు. తడిగా ఉండే నూనె ఏదైనా దుమ్మును పట్టి ఉంచుతుంది. బొగ్గు పొడి, ఇసుక రేణువులు ఆ నూనెలో కలిసి బొడిపె మెడను ఆకురాయిలా అరగదీస్తాయి. కాన్వాసు మీద మరక పడితే పోదు కూడా. ముందు బ్రష్షుతో పొడిగా దులిపి, ఆ తరువాత సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, బొడిపె మీద మాత్రం కొవ్వొత్తి ముక్కను ఒకసారి రుద్దండి. ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే దొరికితే అదీ మంచిదే, గుడ్డ మీద పడకుండా ముందుగా కాగితం అడ్డం పెట్టుకోండి.

ప్రశ్న: బటన్లు కొనబోతే ఒకరు స్టీలు అంటారు, ఒకరు ఇత్తడి అంటారు. ఏది తీసుకోవాలి? అసలు వీటి బదులు వెల్క్రో వేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: నికెల్ పూత వేసిన ఇత్తడివి మన ప్రాంతానికి చాలు. 316 రకం స్టీలు సముద్రపు ఉప్పుగాలికి ఉద్దేశించింది, దానికి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. మీరు తప్పించుకోవలసింది పైపూతతో మెరిసే ఇనుప బటన్లను. దుకాణంలోనే చిన్న అయస్కాంతం టోపీకి ఆనించి చూడండి. గట్టిగా అంటుకుంటే అది ఇనుమే. గిన్నెను పరీక్షించవద్దు, లోపలి స్ప్రింగు స్టీలుదైతే మంచి బటన్ కూడా కొంచెం అంటుకుంటుంది. సైజు 24 లైన్ అని అడగండి, అంటే టోపీ వెడల్పు సుమారు 15 మిల్లీమీటర్లు. ఒక్కొక్క తయారీదారు గిన్నె, బొడిపెల కొలతలో స్వల్ప తేడాలు ఉంటాయి కనుక రెండూ ఒకే రకానివి కొనండి, పాత బొడిపెను వెంట తీసుకెళ్లి కొత్త గిన్నెలో నొక్కి చూసుకోండి.

వెల్క్రో లోపలి కిటికీ తెరలకు బాగుంటుంది. బయట మాత్రం దుమ్ము, గడ్డి విత్తనాలు దాని కొక్కేల నిండా చేరి కొద్ది నెలల్లోనే పట్టు పోతుంది. గాలి బలంగా లాగే పైమూలల్లో మామూలు టిచ్ బటన్ కన్నా తిప్పి బిగించే బటన్ గానీ, ఒక్క వైపు నుంచి ఎత్తితేనే ఊడే రకం గానీ వేయించండి. ఈ రెండో రకాన్ని బిగించేటప్పుడు ఊడే వైపు గాలి లాగే దిక్కుకు వ్యతిరేక దిక్కున ఉండేలా చూడాలి, ఈ సంగతి పనివారికి ముందే చెప్పి, గుడ్డ మీద సుద్దతో బాణం గుర్తు గీసి ఇవ్వండి.