కింది అంతస్తు హాలుకి 4×6 జూట్ కార్పెట్ సరిపోతుందా?

మీరు రాసినదాన్ని బట్టి మీది విజయనగరంలో కింది అంతస్తు ఇల్లు. 11×16 అడుగుల హాలు, విట్రిఫైడ్ టైల్స్. పొడుగు గోడకి 7 అడుగుల సోఫా, ఎదురు గోడకి టీవీ, రెండు పక్కలా ఒక్కో సింగిల్ సీటు. ఇంట్లో పాకే పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఉన్నారు. 4×6 జూట్ కార్పెట్ నచ్చింది, కొనొచ్చా అని అడిగారు.

వద్దండి. సైజు చాలదు, జూట్ ఈ ఇంటికి పనికిరాదు. 5×8 నూలు దుర్రీ, అంటే కుచ్చు లేకుండా పల్చగా నేసిన కార్పెట్ తీసుకోండి, దాని కింద జారకుండా పట్టుకునే జాలీ షీటు వేయండి. ఒక చిన్న మాట: మన ఊళ్లలో షాపుకెళ్లి రగ్గు అని అడిగితే కప్పుకునే దుప్పటి తీసి చూపిస్తారు. దుర్రీ అనో, నూలు కార్పెట్ అనో అడగండి. పాత షాపుల్లో జంపకానా అన్నా తెలుస్తుంది.

సైజు సంగతి ముందు. కార్పెట్ సోఫా కన్నా పొట్టిగా ఉంటే హాలు మధ్యలో పీట వేసినట్టు ఉంటుంది. సోఫాకి రెండు వైపులా కనీసం 6 అంగుళాలు బయటికి రావాలి. మీ సోఫా 7 అడుగులు కాబట్టి 8 అడుగుల పొడుగు సరిగ్గా సరిపోతుంది. ఇక వెడల్పు. 11 అడుగుల్లో సోఫా లోతు 3, టీవీ బల్ల ఒకటిన్నర పోతే మధ్యలో మిగిలేది ఆరున్నర. 5 అడుగుల కార్పెట్‌ని సోఫా ముందు కాళ్ల కిందకి 9 అంగుళాలు తోస్తే ముందుకి నాలుగుంపావు వస్తుంది, టీవీ బల్ల దగ్గర రెండుంపావు అడుగులు నేల మిగులుతుంది. మనిషి నడవడానికి ఆ దారి చాలు. 6×9 వేస్తే చూడ్డానికి ఇంకా నిండుగా ఉంటుంది కానీ ఆ దారి అడుగుంపావుకి పడిపోతుంది. వచ్చేపోయే ప్రతి కాలూ కార్పెట్ అంచు మీదే పడుతుంది. అత్తగారి మోకాళ్లని తలుచుకుంటే నేను 5×8 దగ్గరే ఆగుతాను.

సోఫా ముందు కాళ్లు కార్పెట్ మీద ఉండాల్సిందే. ఆ బరువుకే అది కదలకుండా ఉంటుంది.

కొనే ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. మామూలు సింగిల్ బెడ్‌షీట్ 60×90 అంగుళాలు, అంటే 5×7½ అడుగులు. దాన్ని సోఫా ముందు పరిచి రెండు రోజులు ఉంచండి. ఎక్కడ కాలు తగులుతోందో, తలుపు తీస్తే ఎక్కడ గీరుకుంటోందో తెలిసిపోతుంది. తలుపు కింద సందు కొలవడం మాత్రం చాలామంది మర్చిపోతారు. మన ఇళ్లలో అది ఒక్కోసారి 10 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒత్తుగా కుచ్చున్న కార్పెట్ అక్కడ ఇరుక్కుని, కొన్నాళ్లకి అంచు లేచిపోతుంది.

ఇప్పుడు జూట్. నెల్లిమర్ల జూట్ మిల్లు పక్కనే పెట్టుకుని జూట్ వద్దంటున్నానంటే దానికి కారణం నీళ్లు. గోగునారైనా జనపనారైనా గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. నీళ్లు పడితే, ఆరేటప్పుడు నారలోని సహజమైన రంగు పైకి తేలి గోధుమ రంగు మరక కడుతుంది, అది ఒక పట్టాన పోదు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో అంచులు నెల తిరిగేసరికి నల్లబడతాయి. శ్రావణ భాద్రపదాల ముసురులో అడుగున బూజు పడుతుంది. పైగా నార గరుకు, పాప మోకాళ్లు ఎర్రగా కందిపోతాయి. జూట్ మీద అంత ఇష్టముంటే మేడ మీద, గాలి ఆడే గదిలో వేసుకోండి.

కింది అంతస్తు కాబట్టి ఏ కార్పెట్ కొన్నా ముందు నేల చెమ్మ చూడండి. రెండడుగుల పాలిథిన్ షీటుని టైల్స్ అతుకుల మీదుగా పరిచి, నాలుగు వైపులా టేపుతో మూసేయండి. టైలు పైపూత నీటిని రానివ్వదు, అతుకుల్లోంచే పైకి వస్తుంది కాబట్టి అతుకు షీటు మధ్యలోకి రావాలి. ఒక రోజు ఆగి చూడండి. షీటు కింద బొట్లు కట్టినా, అతుకు గీత నల్లబడినా చెమ్మ నేలలోంచే వస్తోంది. షీటు పైన తడి ఉంటే అది గాలిలోది. ఎండాకాలంలో చేస్తే అంతా పొడిగానే కనిపిస్తుంది, వానలు పడ్డాక చేయండి. చెమ్మ తేలితే మందపాటివి, వెనక రబ్బరు పూత ఉన్నవి మానేసి, పల్చటి దుర్రీ వేసి వారానికి రెండుసార్లు ఎత్తి ఆరబెట్టండి.

షాపులో చేతిలోకి తీసుకోగానే తిరగేయండి. డిజైను వెనక కూడా ముందున్నంత స్పష్టంగా కనిపిస్తే అది నేసినదో, చేతిముళ్లదో. ఏలూరు ఉన్ని తివాచీ, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దుర్రీ ఇలా ఉంటాయి. వెనక గుడ్డ అంటించి డిజైను కనపడకపోతే అది టఫ్టెడ్, అంటే గుడ్డలోకి కుచ్చు గుచ్చి వెనక జిగురుతో పట్టించినది. ఆ జిగురు మన వేడికీ ఉక్కకీ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలుతుంది. కార్పెట్ ఎత్తినప్పుడు టైల్స్ మీద పిండిలా పడేది అదే.

తర్వాత అంచు నుంచి ఒక పోగు అడిగి తీసుకుని కాల్చి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, వేళ్లతో నలిపితే పొడవుతుంది. ప్లాస్టిక్ దారం ముడుచుకుపోయి గట్టి పూస కడుతుంది. ఆర్ట్ సిల్క్ పేరుతో మెరిసేవి చాలావరకు విస్కోసో పాలిస్టరో. విస్కోస్ మీద గ్లాసుడు నీళ్లు ఒలికినా మచ్చ ఉండిపోతుంది, దాని జోలికి పోకండి. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారం చవక, తడి పీల్చదు, కింది ఇళ్లకి అది కూడా పర్వాలేదు. కాకపోతే నూనె మరక వదలదు, కుచ్చు తొందరగా అణిగిపోతుంది. చివరగా తెల్ల రుమాలు తడిపి ముదురు రంగు మీద పదిసార్లు రుద్దండి. రుమాలుకి రంగు అంటితే మీ టైల్స్ అతుకులకీ అంటుతుంది.

దుర్రీ తేలిక కాబట్టి టైల్స్ మీద జారుతుంది. అందుకే జాలీ షీటు తప్పనిసరి. దాన్ని దుర్రీ కన్నా నాలుగు వైపులా అంగుళం తక్కువగా కత్తిరించండి. బయటికి కనిపిస్తే దుమ్ము పట్టడమే కాదు, కాలికి కూడా తగులుతుంది. మూల పైకి లేస్తే వెనక్కి చుట్టి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. అయినా లేస్తుంటే ఆ మూల జాలీకి కుట్టేయండి. పెద్దవాళ్లున్న ఇంట్లో దీన్ని రేపు చూద్దాం అనుకోవద్దు.

5×8 నూలు దుర్రీ పొడిగా నాలుగైదు కిలోలు ఉంటుంది, తడిస్తే రెట్టింపు దాటుతుంది. మామూలు ఇంటి మెషీన్‌లో కుక్కకండి. మేడ మీద పరిచి, చల్లనీళ్లు, కొద్దిగా సబ్బుతో మెత్తని బ్రష్ పెట్టి ఉతకండి. మొదటి ఉతుకుకి కొంచెం కుదించుకుంటుంది కాబట్టి కొనేటప్పుడే రెండు మూడు అంగుళాలు ఎక్కువున్నది దొరికితే మంచిది. పులుసు పడితే ముందు చెంచాతో ఎత్తేసి, పొడిగుడ్డతో అంచు నుంచి మధ్యలోకి అద్దండి, రుద్దొద్దు. పసుపు మరకకి సబ్బు పెట్టగానే ఎర్రబడితే కంగారు పడకండి. దిష్టి తీసే నీళ్లలో పసుపుకి సున్నం కలిపితే ఎర్రబడ్డట్టే ఇదీ. సబ్బంతా పోయేదాకా జాడించి ఎండలో వేస్తే పసుపు మెల్లగా వెలిసిపోతుంది. పాలు ఒలికితే వేడినీళ్లు వాడకండి, మరక దారంలో పట్టుకుపోతుంది.

తుఫాను హెచ్చరిక వచ్చినా, ముసురు పట్టినా దుర్రీ ఎత్తేయండి. బాగా ఆరాక మడత పెట్టకుండా చుట్టి, పాత పంచెలో కట్టి అటక మీద పెట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే మిగిలిన కాస్త తడికే బూజు వస్తుంది. నూలుకి ఉన్నిని తినే పురుగుల బెడద ఉండదు కాబట్టి కలరా ఉండలు అక్కర్లేదు, పాకే పాప ఉన్న ఇంట్లో అవి అసలు పెట్టొద్దు కూడా.