జుట్టు మెత్తబడాలి, రంగు మాత్రం మారకూడదు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి అడిగాయి. ఆకులతోనో గింజలతోనో జుట్టు నునుపెక్కాలి, ఉన్న రంగు మాత్రం ఉన్నట్టే ఉండాలి. ఆ రంగు నలుపైనా, నెరిసిన తెలుపైనా, పార్లర్లో డబ్బు పోసి వేయించుకున్నదైనా సరే. జవాబులు చదివే ముందు ఒక గుర్తు పెట్టుకోండి: నీళ్లలో వేస్తే జిగురు వదిలేది జుట్టును మెత్తబరుస్తుంది. నాలుకకు వగరుగా తగిలేదానితో, చేతికి రంగు అంటేదానితో జాగ్రత్త. ఈ గుర్తు అన్నిటికీ పనిచేయదు గానీ వంటింట్లో ఉన్న సగం సరుకులను ఇట్టే వేరు చేసి పెడుతుంది.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. రంగు వేయడం మానేశాక తల పూర్తిగా తెల్లబడింది, అలాగే ఉంచుకోవాలని నా ఇష్టం. ‘రంగు అంటని హెన్నా’ అని అమ్మితే తెచ్చి, నిమ్మరసంతో కలిపి రాత్రంతా నానబెట్టి, మూడు గంటలు తలకు ఉంచుకున్నాను. జుట్టు పట్టులా అయింది గానీ ఎండుగడ్డి రంగుకు తిరిగింది. పొడి కల్తీదా?
– బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పొడిని అనుమానించే ముందు కలిపిన పద్ధతి చూడాలండి. ఆ పేరుతో అమ్మేది అసలు గోరింటాకే కాదు. తంగేడు, సునాముఖి జాతికి చెందిన కేసియా ఆబోవేటా అనే మొక్క ఆకు పొడి. దీనికే సెన్నా ఇటాలికా అని ఇంకో పేరు. గోరింటాకులో ఎర్ర రంగునిచ్చే లాసోన్ ఇందులో లేదు. కానీ పసుపు ఛాయనిచ్చే పదార్థం కొద్దిగా ఉంది. నల్ల జుట్టు మీద అది కంటికి ఆనదు, తెల్ల జుట్టు మీద దాక్కోలేదు. పులుపు కలిపి గంటల తరబడి నానబెడితే ఆ పసుపు బాగా బయటికొస్తుంది. లేత బంగారు రంగు కావాలనుకునేవాళ్లు కావాలని చేసే పద్ధతి అదే, మీరు తెలియక చేశారు.

రంగు వద్దనుకుంటే ఇలా చేయండి. భుజాల దాకా ఉన్న జుట్టుకు 100 గ్రాముల పొడి సరిపోతుంది. ముందు పల్చటి నూలు గుడ్డలో జల్లించండి. ఈనెల ముక్కలు మిగిలితే కడిగేటప్పుడు ప్రాణం తీస్తాయి. స్టీలు గిన్నెలోనో గాజు గిన్నెలోనో వేసి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ గడ్డపెరుగులా కలపండి. 300 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టి, పొడి పీల్చుకునేదాన్ని బట్టి ఇంకాస్త పోయండి. నిమ్మరసం, పెరుగు, ఉసిరి, టీ డికాషన్ ఏదీ వద్దు. పది నిమిషాలు ఉంచితే చాలు, వెంటనే వాడేయాలి. జుట్టుకు నూనె ఉండకూడదు. కడిగి, తుడిచి, తడి ఆరకముందే పాయలు తీసి కుదుళ్ల నుంచి చివర్ల దాకా పట్టించండి. ప్లాస్టిక్ కవరుతో కప్పి 30 నుంచి 45 నిమిషాలు ఉంచండి. పేస్టు ఎండిపోతే కడగడం నరకం. అందుకే కప్పడం తప్పనిసరి.

కడిగేటప్పుడు నేరుగా మగ్గుతో పోస్తే ఇసుకలా తలలోనే ఉండిపోతుంది. వెడల్పు బేసిన్‌లో నీళ్లు నింపి, తల వంచి జుట్టంతా ముంచి వేళ్లతో వదులు చేయండి. నీళ్లు రెండు మూడుసార్లు మార్చాక మామూలుగా పోసుకోండి. నెలకు ఒకసారి చాలు. వారం వారం వేస్తే జుట్టు బిరుసెక్కుతుంది.

తలకు పెట్టే ముందు పరీక్ష తప్పదు. దువ్వెనకు వచ్చిన తెల్ల వెంట్రుకలు పది పదిహేను తీసి దారంతో కట్టండి. అదే పేస్టులో 45 నిమిషాలు ఉంచి, కడిగి ఆరబెట్టి, పేస్టు తగలని వెంట్రుకల పక్కన తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుతురులో చూడండి. మర్నాడు మళ్లీ చూడండి. గోరింటాకు కల్తీ ఉంటే రంగు ఒక రోజు గడిచాక ముదురుతుంది. నూలు గుడ్డ మీద పరీక్షిస్తే ఏమీ తేలదు, ఈ రంగులు పట్టేది వెంట్రుకల్లో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌కు. ప్యాకెట్ మీద ‘లాసోనియా’ అని, అంటే గోరింటాకు శాస్త్రీయ నామం, కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి.

ఇప్పుడు పట్టిన పసుపు కొన్ని తలంట్లకు కొంత తగ్గుతుంది. నెరిసిన జుట్టు కోసం అమ్మే ఊదారంగు షాంపూ దాన్ని కనబడకుండా చేస్తుంది. మిగిలింది జుట్టు పెరిగి కత్తిరించాకే పోతుంది.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. బకెట్ అడుగున తెల్లటి పొర, అంచున కాస్త ఎర్ర మరక. ఏం రాసినా తలకు పోసుకున్నాక జుట్టు చీపురులా ఉంటోంది. ఉసిరి పొడి వాడమంటున్నారు.
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: తెల్ల పొర కాల్షియం, మెగ్నీషియం లవణాలది. ఎర్ర మరక ఇనుముది. మీ జుట్టు గరుకుదనం సగం ఆ నీళ్లదే. ఒంటి సబ్బు తలకు వాడుతుంటే ముందు మానండి. సబ్బు ఈ లవణాలతో కలిసి కరగని తెట్టు అవుతుంది, అది వెంట్రుకలకు అంటుకుంటుంది. కుంకుడు, శీకాయల్లోని నురగ పదార్థం అలా తెట్టు కట్టదు. పైగా వాటి రసం కాస్త ఆమ్ల గుణం గలది, సబ్బేమో క్షార గుణం గలది. జుట్టు పైపొర క్షారానికి లేచి నిలబడుతుంది, ఆమ్లానికి అణుగుతుంది. పాతకాలం వాళ్లు బోరు నీళ్లను లెక్క చేయకపోవడానికి ఇదొక కారణం.

నడుము దాకా జుట్టుంటే 12 కుంకుడుకాయలు తీసుకోండి. కొట్టి గింజలు తీసేసి, అర లీటరు వేడి నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టండి. గింజలో నురగ లేదు, ఉంచుకుని లాభం లేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకోవాలి.

చివరి నీళ్లు మాత్రం బోరువి కాకూడదు. తాగే నీళ్లు రెండు లీటర్లు పక్కన పెట్టుకోండి. ఒక లీటరులో అరచెక్క నిమ్మరసం వడకట్టి గానీ, ఒక టేబుల్ స్పూను వెనిగర్ గానీ కలిపి జుట్టు పొడవునా పోసి, ఒక నిమిషం ఆగి, మిగతా లీటరుతో కడిగేయండి. నిమ్మరసం తలలో ఉంచుకుని ఎండలోకి వెళ్లొద్దు, జుట్టు రంగు వెలుస్తుంది.

ఇక ఉసిరి. జుట్టు నల్లగా ఉండి, నల్లబడినా పర్వాలేదనుకుంటే సరే. నెరిసి ఉంటే వద్దు. ఉసిరి, కరక్కాయ, టీ డికాషన్‌లలోని వగరు పదార్థం ఇనుము తగిలితే నల్లబడుతుంది. మన పెద్దవాళ్లు ఉసిరిని ఇనుప మూకుడులో నానబెట్టింది అందుకే. మీకు మూకుడు కూడా అక్కర్లేదు, బోరే ఇనుము ఇస్తోంది. తెల్ల వెంట్రుకలు బూడిద మరకలతో తేలతాయి.

ప్రశ్న: అవిసె గింజల జెల్ చేస్తే వడకట్టడానికే రాలేదు. ఎలాగో పిండి రాసుకుంటే ఆరాక తలంతా చుండ్రులా తెల్ల పొట్టు.
– పలమనేరు

జవాబు: చల్లారనిచ్చి ఉంటారు, అదే తప్పు. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు మధ్యస్థ మంట మీద పెట్టి అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఏడెనిమిది నిమిషాలకు తెల్లటి నురగ వచ్చి, గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అక్కడే దించేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే గింజ, జిగురు విడదీయలేనంత గట్టిపడుతుంది. వేడిగా ఉన్నప్పుడే స్టీలు జల్లెడలో పోయండి. గుడ్డలో అయితే పాత పల్చటి చున్నీ మేలు, మూట కట్టి పటకారుతో పిండండి. మరీ చిక్కబడిందా, అర కప్పు వేడి నీళ్లు పోసి మళ్లీ ఒక పొంగు రానివ్వండి.

పొట్టు రాలడం ఎక్కువ రాయడం వల్ల. ఈ జెల్ ఆరితే పొర అవుతుంది, పొర మందమైతే పగిలి రాలుతుంది. తడి జుట్టుకు రెండు చెంచాలు చాలు, చివర్లకే రాయండి, మాడుకు వద్దు. లేదంటే తలకు పోసుకునే ముందు ధారాళంగా పట్టించి అరగంట ఉంచి కడిగేయండి. తెల్ల జుట్టుకైనా, రంగు వేసిన జుట్టుకైనా ఏ ఛాయా అంటించని వాటిలో మా లెక్కలో మొదటిది ఇదే. ఫ్రిజ్‌లో వారం లోపు వాడేయాలి. ఎండాకాలం బయట పెడితే ఒక్క రోజుకే పులిసిన వాసన వస్తుంది. వాసన మారితే పారబోయండి.

బెండకాయలతో కూడా ఇలాగే చేయొచ్చు. ఆరు లేత కాయలు తరిగి, రెండు కప్పుల నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి వడకట్టాలి. జిగురు ఇంకాస్త పల్చన, నిల్వ మూడు రోజులు.

ప్రశ్న: మందారం రంగు అంటుతుందా?
– పుత్తూరు

జవాబు: ఆకు అంటదు, ఎర్ర పువ్వు అంటుతుంది. నెరిసిన జుట్టు మీద పువ్వు ముద్ద పెడితే గులాబీ, ఊదా మధ్య మరక పడి ఒకటి రెండు తలంట్లకు పోతుంది. తువ్వాలు మీద మాత్రం ఉండిపోతుంది. ఆకులు రెండు గుప్పెళ్లు కడిగి, అర కప్పు నీళ్లలో చేత్తో పిసికితే పచ్చటి జిగురు వస్తుంది. మిక్సీలో వేస్తే నలకలు పడి దువ్వెనకు వారం రోజులు పని పెడతాయి. పిసికి వడకట్టడమే నయం. తమిళనాడు పక్క ఊళ్ల నుంచి మీ అంగళ్లకు వచ్చే అరప్పు అనే చెట్టు ఆకుల పొడీ ఈ కోవలోదే. నురగ రాకుండానే మురికి తీస్తుంది, జారుదనం ఇస్తుంది, రంగు మార్చదు. నూనె కొద్దిగా ఉన్న తలకు చాలు, నూనె కారుతున్న తలకు చాలదు.

ప్రశ్న: పార్లర్లో బ్రౌన్ కలర్ వేయించాను. చివర్లు పీచులా అయ్యాయి. కలర్ పోకుండా ఇంట్లో ఏం చేయొచ్చు? మెంతులా, హెన్నానా?
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: హెన్నా అసలొద్దు. ఉన్న బ్రౌన్ మీద ఎరుపు ఎక్కుతుంది. పైగా కొన్ని ‘హెన్నా మిశ్రమాల్లో’ లోహ లవణాలు ఉంటాయి. వాటి మీద మళ్లీ పార్లర్ కలర్ వేస్తే అందులోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య జరిగి జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు.

మెంతులు మంచివే. రెండు టేబుల్ స్పూన్లు కప్పు నీళ్లలో రాత్రి నానబెట్టి, మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి ఆ జిగురు మాత్రమే వాడండి. పిప్పితో సహా పెడితే ఎండాక విదిలించినా పోదు. 20 నిమిషాలు చాలు. వాసన మర్నాటి దాకా ఉంటుంది, దానికి మా దగ్గర మందు లేదు.

అంతకన్నా ముఖ్యం తలకు పోసుకునే ముందు కొబ్బరి నూనె. 2003లో వెలువడిన ఒక పరిశోధన కొబ్బరి నూనెను, పొద్దుతిరుగుడు నూనెను, పెట్రోలియం నుంచి తీసే మినరల్ నూనెను పోల్చింది. కడిగేటప్పుడు జుట్టు నుంచి పోయే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. దాని అణువులు చిన్నవి, వంకర లేని తిన్నటి గొలుసులు కావడంతో వెంట్రుక లోపలికి దిగగలవు. రెండు మూడు చెంచాలు చివర్లకు పట్టించి, గంట ఆగి కడగండి. పచ్చగా కాచిన గుంటగలగర, కరివేపాకు నూనెలు లేత రంగుల మీద, తెల్ల జుట్టు మీద ఛాయ పూస్తాయి. తెల్లటి నూనెతో ఆ చిక్కు లేదు.

ప్రశ్న: తిరుమలలో తలనీలాలు ఇచ్చి మూడు నెలలైంది. కొత్త జుట్టు ముళ్లలా ఉంది. గంధం రాస్తే మెత్తబడుతుందా?
– శ్రీకాళహస్తి

జవాబు: గంధం చల్లదనానికి, మాడు మంట తగ్గడానికి. జుట్టును మెత్తబరచదు. గుండు చేయించడం వల్ల వెంట్రుక లావెక్కదు. సహజంగా సన్నబడే కొన తెగిపోయి మొద్దు అంచు మిగలడంతో అలా గుచ్చుకుంటుంది. ఇంకాస్త పెరిగితే వంగి మెత్తగా అనిపిస్తుంది. అప్పటిదాకా పూతలు, పేస్టులు దండగ. కలబంద మట్ట కోసి, పసుపుపచ్చ పాలు కారిపోయేలా పావుగంట నిలబెట్టండి. ఆ పాలు చర్మానికి దురద, తెల్ల గుడ్డకు మరక. తర్వాత లోపలి గుజ్జు చెంచాడు రాసి, పది నిమిషాలకు కడిగేయండి. కత్తి గాట్లు ఇంకా మానకపోతే అదీ వద్దు.