రెండు రూపాయల వడ్డీతో ఎలక్ట్రిక్ స్కూటర్ కొనొచ్చా?

ప్రశ్న: మాది బోడుప్పల్. హైటెక్ సిటీలో ఉద్యోగం. రోజూ రానూపోనూ 54 కిలోమీటర్లు బైక్ మీద తిరుగుతాను. పొగ తగ్గుతుంది, పెట్రోలు ఖర్చూ మిగులుతుందని ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకోవాలనుకుంటున్నాను. ఆన్ రోడ్ ధర రూ.1.45 లక్షలు. ఉన్న రూ.60 వేల ఎఫ్‌డీ తీసేసి, మిగతా రూ.85 వేలు ఒక లోన్ యాప్‌లో నెలకు 2 శాతం ఫ్లాట్ వడ్డీకి, 24 నెలల గడువుతో తీసుకుందామనుకుంటున్నాను. చేతికొచ్చే జీతం రూ.48 వేలు, ఇంటి ఖర్చు రూ.38 వేలు. వేరే పొదుపు లేదు. కరెంటు నెలకు 170 యూనిట్లు వాడతాం. వడ్డీ మీద పన్ను మినహాయింపు వస్తుందా? రోడ్డు ట్యాక్స్ రాయితీ పోకముందే కొనేయమంటారా?

జవాబు: మీ ఉద్దేశం మంచిది, స్కూటర్ ఎంపికతోనూ పేచీ లేదు. డబ్బు తెస్తున్న దారే తప్పు. వాహనం కోసం అత్యవసర నిధిని ఖాళీ చేసి, పైగా ఖరీదైన అప్పు తలకెత్తుకోవడం ఈమధ్య చాలామంది చేస్తున్న పొరపాటు. అందుకే మీ లెక్కను పూర్తిగా విప్పి చెబుతున్నాను.

ముందు అప్పు సంగతి. రెండు రూపాయల వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ ఫ్లాట్ అంటే మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం రూ.85 వేల మీదే పడుతుంది. 24 నెలలకు వడ్డీ రూ.40,800. ఈఎంఐ రూ.5,242. బ్యాంకులు లెక్కగట్టే తీరులో, అంటే తగ్గే బాకీ మీద చూస్తే, ఇది ఏడాదికి సుమారు 41 శాతం వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని ఇస్తే ఇంకా పెరుగుతుంది. యాప్ ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (రుణ వివరాల పత్రంలో) ఏపీఆర్ అనే అంకె ఉంటుంది, అంటే ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు రేటు. చూడాల్సింది దాన్నే, 2 శాతాన్ని కాదు.

ఇక మిగులు. నెలకు దాదాపు 1,200 కిలోమీటర్లు. బైక్ 48 మైలేజీ ఇస్తే 25 లీటర్లు. లీటరు రూ.107 చొప్పున రూ.2,675. స్కూటర్‌కు యూనిట్‌కు 25 కిలోమీటర్లు వేసుకుంటే 48 యూనిట్లు కావాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. 170 యూనిట్లకు మీ బిల్లులో కరెంటు చార్జీ రూ.676 (మొదటి వందకు రూ.3.40, ఆపై రూ.4.80 చొప్పున). 48 కలిస్తే 218 అవుతుంది. తెలంగాణ టారిఫ్‌లో 200 దాటగానే శ్లాబు మారి, మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది. ఆ పైన ఉన్న 18 యూనిట్లకు రూ.7.70. మొత్తం రూ.1,159, అంటే రూ.483 అదనం. 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వచ్చే ఇల్లయితే 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. ఇవన్నీ పోను మీకు మిగిలేది నెలకు రూ.2,200 లోపే. దాని కోసం రూ.5,242 కడతారు.

ఈ రెండేళ్లలో మీ చేతిలో ఎఫ్‌డీ ఉండదు. జీతం ఒక్క నెల ఆగినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా ఈఎంఐ బౌన్స్ అవుతుంది. బ్యాంకు ఒక చార్జీ, యాప్ ఇంకో చార్జీ వేస్తాయి, సిబిల్ స్కోరు పడుతుంది. అది పూడ్చడానికి మరో యాప్ తెరుస్తారు. ఈ వరసను మొదలే కానివ్వకండి. మీ ఖర్చుకు ఆరు నెలల నిధి అంటే రూ.2.28 లక్షలు. కనీసం మూడు నెలలది, రూ.1.14 లక్షలు, చేతిలో ఉండేదాకా కొత్త వాహనం మాట వద్దు. ఎఫ్‌డీని ముట్టుకోకండి. కట్టడానికి సిద్ధపడ్డ ఆ రూ.5,242నే జీతం పడ్డ మర్నాడు ఆర్‌డీలోకి (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లోకి) వెళ్లేలా పెట్టండి. ఎఫ్‌డీతో కలిపి పదకొండు నెలల్లో మూడు నెలల నిధి పూర్తవుతుంది. అదే ఆర్‌డీ ఆ తర్వాత డౌన్ పేమెంట్‌కు పనికొస్తుంది. పాత బైక్ అమ్మిన డబ్బు కలిపి, మిగిలిన కొద్ది మొత్తానికి బ్యాంకు వాహన రుణం తీసుకోండి, అదీ తగ్గే బాకీ వడ్డీ మీద.

పొగ తగ్గించడానికి అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి మెట్రో నేరుగా ఉంది, అమీర్‌పేటలో మారే పని లేదు. గరిష్ఠ చార్జీ రూ.69 వేసుకున్నా 22 రోజులకు రూ.3,036. స్టేషన్ దాకా బైక్ పెట్రోలు, పార్కింగ్ కలిపితే ఇప్పటి ఖర్చు కన్నా కొంత ఎక్కువే. భారమనిపిస్తే వారానికి మూడు రోజులు మెట్రో, మిగతా రోజులు దగ్గర్లోని సహోద్యోగితో బండి పంచుకోండి. అప్పు లేకుండా వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టొచ్చు. బస్సు కుదిరే దారైతే ఆర్టీసీ నెల పాస్ ఇంకా చవక.

పన్ను మినహాయింపు రాదు. ఎలక్ట్రిక్ వాహన రుణ వడ్డీకి ఉన్న 80ఈఈబీ సెక్షన్ 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన రుణాలకే. రోడ్డు ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ఉంది. అది చేజారినా, మీరు కట్టబోయే రూ.40,800 వడ్డీ కన్నా తక్కువే నష్టపోతారు. చీటీ పాడటం, బంగారం కుదువ పెట్టడం యాప్ కన్నా మేలేగానీ, నిధి లేకుండా అవీ వద్దు. కొన్నప్పుడు బీమాలో జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాల అరుగుదల పేరుతో క్లెయిమ్‌లో కోత లేకుండా ఉండే కవరుతో) పాటు బ్యాటరీకి నీటి నష్టం వర్తించే రైడర్ (అదనపు కవరు) అడగండి. మామూలు పాలసీలో అది ఉండకపోవచ్చు.

ఒకవేళ యాప్‌లో ఇప్పటికే సరేనని నొక్కి, డబ్బు ఖాతాలో పడి ఉంటే కూలింగ్ ఆఫ్ గడువు (రుణం వద్దనుకుని వెనక్కి ఇచ్చే గడువు) వెంటనే చూడండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కనీసం ఒక రోజైనా ఇవ్వాలి. ఆలోపు అసలును, వాడుకున్న రోజుల వడ్డీతో తిరిగి కడితే జరిమానా లేకుండా బయటపడొచ్చు.