గూడ్స్ షెడ్డు వద్దంటున్న మా అమ్మలుకి

అమ్మలూ,

మీ కాలనీ వెనక రైల్వే స్థలంలో గూడ్స్ షెడ్డు కడతారట, నిన్ను సెక్రటరీని చేసి అందరూ ముందుకు తోశారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముప్పై ఏళ్లు గూడ్స్ ఆఫీసులో గుమస్తాగా చేసిన పెదనాన్నని పెట్టుకుని ఒక్క మాటైనా అడగకుండా ధర్నా టెంట్ వేసేస్తావా? వెయ్యి, కాదనను. ముందు ఇది చదువు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన వినతిపత్రం చూశాను. రైలు చప్పుడు, మనశ్శాంతి, ఇళ్ల రేట్లు, రెండు పేజీలూ ఇదే గొడవ. రేట్ల ముక్క తీసెయ్, అది చదివిన ఆఫీసరు మిగతాది చదవడు. అసలు మీ ప్రాణాలు తోడేది రైలు కాదే, లారీ. యూరియానో సిమెంటో తెచ్చే ఒక ర్యాకు, అంటే ఒక గూడ్స్ రైలు, మామూలుగా 42 వ్యాగన్లు, కాస్త అటూ ఇటూగా 2,600 టన్నులు. లారీకి 16 టన్నుల చొప్పున వేసుకో, 160 లారీలు దాటతాయి, ఖాళీగా వచ్చేవీ నిండుగా పోయేవీ కలిపితే ఒక్క ర్యాకుకే మీ స్కూలు ముందు నుంచి 320 సార్లు లారీ పోవాలి. ఈ లెక్క మొదటి పేజీలో మొదటి లైన్లో ఉండాలి.

పోనీ పగలే అయిపోతుందా అంటే అదీ లేదు. ఇచ్చిన గంటల్లో సరుకు దించకపోతే వ్యాపారి డెమరేజ్ కట్టాలి, దించింది అక్కడే ఉంచేస్తే వార్ఫేజ్ కట్టాలి. ఆ భయంతో రాత్రి రెండింటికైనా హమాలీలను నిద్ర లేపి తెస్తారు, అలాంటి రాత్రులు బస్తాలు లెక్కపెడుతూ ఎన్ని గడిపానో నాకే గుర్తులేదు. కాబట్టి "రాత్రి పని ఉండదులెండి" అని ఎవరైనా నోటిమాటగా అంటే నమ్మకు, కాగితం మీద రాసివ్వమను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదు. పునాది తీయకముందే పది ఇళ్ల దగ్గర కొలిపించి తేదీ వేసి పెట్టుకోండి. షెడ్డు వచ్చాక కొలిస్తే "ఇక్కడ మొదట్నుంచీ ఇంతేగా" అంటారు.

మీ వకీలుగారు మున్సిపాలిటీ అనుమతి లేదని కేసు వేద్దామన్నారట. రైల్వే చట్టం సెక్షన్ 11 ఓసారి చదవమను, వేరే చట్టాలు ఏమన్నా సరే తన పనులు తాను చేసుకునే అధికారం రైల్వేకి అందులో ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, అప్పుడు అరుద్దాం అని కూర్చున్నా లాభం లేదు, పర్యావరణ అనుమతికి సంబంధించిన 2006 నోటిఫికేషన్ జాబితాలో రైల్వే పనులే లేవు. రైల్వే చట్టం కింద కొత్తగా భూమి తీసుకుంటే మాత్రం నోటిఫికేషన్ వచ్చిన 30 రోజుల్లో అభ్యంతరం చెప్పొచ్చు, అదీ ఆ భూమిలో హక్కున్నవాళ్లే. రోజూ పేపర్లో ప్రకటనలు కూడా చూస్తుండండి.

ఈ వారమే డీఆర్ఎం (రైల్వే డివిజన్ మేనేజరు) ఆఫీసుకి పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఆర్టీఐ పంపు. ఏ సరుకు, నెలకి ఎన్ని ర్యాకులు, లారీల దారి ఎటు, ఇంకే స్థలాలు చూశారు, షెడ్డు రైల్వేదా లేక 2021లో వచ్చిన గతిశక్తి కార్గో టెర్మినల్ పాలసీ కింద ప్రైవేటుదా, ఇవి అడుగు. ప్లాన్ కాపీ మరిచిపోకు. జవాబుకి 30 రోజులు పడుతుంది, ఈలోపు మీ పని రోడ్డు మీద. ట్రాక్ రైల్వేదే, కానీ లారీలు తిరిగే రోడ్డు మున్సిపాలిటీదో ఆర్ అండ్ బీదో అయ్యుంటుంది, దాని మీద ఏ టైములో లారీలు రాకూడదో చెప్పే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 కింద ప్రభుత్వానికి ఉంది. కలెక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది ఆ పని మీద.

కుర్రాళ్లు రైల్‌రోకో అంటే మాత్రం ఒప్పుకోకు. పట్టాల మీద కూర్చుంటే రైల్వే చట్టం సెక్షన్ 174, రెండేళ్ల దాకా జైలు. పాస్‌పోర్ట్ కోసం, ఉద్యోగం కోసం తిరిగేవాళ్లకి ఆ కేసు ఎంత టెన్షనో నేను కళ్లారా చూశాను.

ఇంకోటి, మైకులో హమాలీలను ఒక్క మాట కూడా తూలనాడొద్దు. సీజన్లో యూరియా కోసం ఎదురుచూసే రైతులు కూడా మీ మీదకి రావచ్చు, అందుకే ఉత్తినే వద్దు అనకుండా ఎక్కడ పెట్టాలో చూపించాలి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇలాగే గొడవైతే రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన షెడ్డు గేటు ట్రాక్ అవతలి వైపు పెడితే దారి ఎలా పోతుందో గీసి పట్టుకెళ్లాడు. ఏడాదిన్నర తిప్పారు పాపం. చివరికి షెడ్డు వచ్చింది, లారీలు మాత్రం అవతలి నుంచే పోయేవి.

ఆదివారం మీటింగుకి నేనొస్తా. పొద్దున ఏడు నుంచి పది దాకా మీ రోడ్డు మీద ఇప్పుడు ఎన్ని లారీలు పోతున్నాయో మూడు రోజులు ఎవరితోనైనా రాయించి పెట్టు. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి ఇస్తానంది, సీసా ఖాళీ చేసి ఉంచు.

మీ పెదనాన్న