జారవాల్ని చూపిస్తారట, వెళ్ళమంటారా?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకి పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం. బారాటాంగ్ గుహలకి పోయే దారిలో జారవాలు (అక్కడి అడవిలో ఉండే ఆదిమ తెగవాళ్ళు) కనిపిస్తారని ట్రావెల్స్ అబ్బాయి ఊరిస్తున్నాడు. వాళ్ళ కోసం పాత బట్టలు, బిస్కెట్లు పట్టుకెళ్దామనుకున్నాను. మా అత్తగారేమో "మనుషుల్ని చూడ్డానికి టూరేమిటే?" అని విసుక్కుంటున్నారు. మీరేమంటారు?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: నేను మీ అత్తగారి పక్షమేనమ్మా.

నేను పుట్టి పెరిగింది పోర్ట్‌బ్లెయిర్‌లో. (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, నాకింకా నోరు తిరగట్లేదు.) మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, చేపలవేట మీద అక్కడే బతికాడు. అంటే మేమూ పైనుంచి వచ్చినవాళ్ళమే. ఆ దీవులు ముందు నుంచీ ఎవరివో వాళ్ళు ఇవాళ గుప్పెడు మంది. 2011 లెక్కల్లో జారవాలు 380 మంది. మీ అపార్ట్‌మెంట్లలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారేమో.

బారాటాంగ్ దారిలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర తెల్లారకముందే బళ్ళు బారులు తీరతాయి. అక్కణ్ణుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా సుమారు 50 కిలోమీటర్లు వాళ్ళ అడవి. రోడ్డు వేస్తున్నన్నాళ్ళూ బాణాలతో అడ్డుకున్నారు. 1990ల చివర్లో వాళ్ళంతట వాళ్ళే బయటికి రావడం మొదలెట్టారు. 1999లో తట్టు సోకింది, 2006లో మళ్ళీ. అడవిలోంచి పోయే ఆ రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మూయలేదు. తిండి ఎర చూపి జారవా ఆడవాళ్ళని ఆడిస్తున్న వీడియో 2012 జనవరిలో బయటపడితే ప్రపంచమంతా గగ్గోలు. మరుసటేడు కోర్టు కొన్ని వారాలు పర్యాటకుల్ని ఆపింది. మార్చిలో మళ్ళీ కాన్వాయ్ కదిలింది.

ఇవన్నీ చెప్తున్నాను గానీ, ఒకసారి మా అక్కావాళ్ళని తీసుకుని ఆ దారినే నేనూ వెళ్ళాను. ఫోటోలు తియ్యొద్దు, ఏమీ ఇవ్వొద్దు అని బోర్డులున్నాయి, చదివాం కూడా. రోడ్డు వార ఇద్దరు పిల్లలు కనబడగానే డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. మా మేనల్లుడు అద్దం దించి అరటిపండు విసిరాడు. ఒక పిల్లాడు దాని వైపు చూడనైనా చూడలేదు. రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకున్నాడు. "పొగాకు అడుగుతున్నాడు సార్" అని డ్రైవర్ నవ్వాడు. వాడికి పదేళ్ళుంటాయేమో. ఆ సైగ అడవిలో నేర్చుకున్నది కాదు. మా బళ్ళలోంచి వెళ్ళిందే.

మీ పాత బట్టలూ అంతే. అక్కడ ఏడాదిలో సగం వానే. ఒంటి మీదే తడిసి, ఒంటి మీదే ఆరే గుడ్డతో వచ్చేది చర్మరోగం. ఇక పిల్లలకి జలుబుంటే మీరు మాత్ర వేస్తారు. ఆ జలుబు అడవిలోకి వెళ్తే ఎంతదూరం పోతుందో.

గుహలు చూడాల్సిందే అంటే సముద్రం మీదుగా బారాటాంగ్‌కి పడవ ఉందేమో దిగగానే కనుక్కోండి. కుదరకపోతే ప్యాకేజీలోంచి ఆ రోజు తీసేయమనండి. అబ్బాయి గునుస్తాడు, పట్టించుకోకండి. ఆ పూట పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్న, ఈ దీవుల తెగల గురించి చెప్పే ఆంత్రోపాలజికల్ మ్యూజియం చూపించి, సాయంత్రం చిడియాటాపులో పొద్దుగూకడం చూసి రండి.

విశాఖ నుంచి ఓడలో వెళ్తున్నట్టయితే దాదాపు మూడు రోజులు పడుతుంది. ఆ బిస్కెట్లు అక్కడికే సరిపోవు, ఇంకో రెండు ప్యాకెట్లు కొనండి.